పిల్లల చేతిలోని ఫోను: మారునవి, మారనివి

జంషెడ్‌పూరు నగరమున బిష్టుపూరు, కదమా, సోనారి, సాక్చి మున్నగు పేటలలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడినది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు చోటికి చేరువనున్న సాక్చి గ్రామమున కర్మాగారము వెలసి, 1912లో ఉక్కు ఉత్పత్తి ఆరంభమైనది. పనికై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవారు అనేకులు అచ్చటనే స్థిరపడిరి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి ఉనికికి నేటికిని గుర్తుగా నిలిచియున్నది.

ఆ తొలితరమువారికి స్వగ్రామపు క్షేమసమాచారము తెలియుటకు కార్డు ముక్కయే ఆధారము. కార్డు వ్రాసి, బదులు కొరకు దినములు లెక్కించుచుండిరి. చదువురానివారు పొరుగువారిచే వ్రాయించుకొనెడివారు. తరువాతి తరమువారు ట్రంకుకాలు కొరకు తపాలా కార్యాలయమున వేచియుండిరి. ఆ తరువాతివారు ఎస్‌టీడీ బూతులో మీటరు వంక చూచుచు మాటలాడిరి. నేటి బాలిక తన గదిలో కూర్చుండి పలాసలోని అమ్మమ్మతో ముఖాముఖి మాటలాడును. ఆ వెంటనే తరగతి స్నేహితురాండ్రకు పది సందేశములు పంపును.

ఇది పెద్దలకు ఆశ్చర్యమును, ఆందోళనను కలిగించుట సహజము. "మా వాడు ఏ యాప్‌లో ఉన్నాడో తెలిసికొనుసరికి దానిని విడిచి మరియొకదానిలో చేరుచున్నాడు" అను మాట అనేక గృహములలో వినవచ్చును. ఈ మార్పునకు కారణములేవి? దానివలన పిల్లల ఆరోగ్యమునకు కలుగు మేలుకీడులెట్టివి? తల్లిదండ్రులు కనిపెట్టవలసినది యాప్ పేరునా, పిల్లల క్షేమమునా? ఈ పాఠమున ఈ విషయములు క్రమముగా వివరింపబడినవి.

ఇరువది సంవత్సరములలో వచ్చిన మార్పు

2004 జనవరిలో ఆర్కుట్ అను వేదిక ఆరంభమైనది. ఇంటిలో కంప్యూటరు లేని యువజనులు సైబర్ కేఫులో గంటకింతయని చెల్లించి, దానిలో స్నేహితులను వెదకుకొనెడివారు. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ పదమూడేండ్లు నిండినవారందరికిని ప్రవేశము కల్పించినది. కొన్ని సంవత్సరములలో యువజనులు అటు తరలిపోయిరి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతబడినది.

అదే కాలమున చేతి ఫోనులోని ఎస్సెమ్మెస్సులు పిల్లలకు ప్రాణప్రదముగా నుండెను. వ్యాపార ప్రకటనల బెడదను నివారించుటకై 2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ఒక్కొక్క సిమ్ నుండి దినమునకు 100 సందేశములకు మించి పంపరాదని పరిమితి విధించి, కొలది వారములలో దానిని 200కు పెంచినది. ఇంతలో 2009లో పుట్టిన వాట్సాప్ వ్యాపించినది. దానిలో సందేశమునకు వేరుగా రుసుము లేదు. 2013లో మాటను రికార్డు చేసి పంపు సదుపాయము చేరినది. తెలుగు మాటలాడగలిగియు, పాఠశాలలో హిందీ, ఆంగ్లములనే చదువుకొనుటచే తెలుగు వ్రాయలేని పిల్లలకు ఇది మిక్కిలి ఉపకరించినది. అమ్మమ్మకు ఉత్తరము వ్రాయలేని మనుమడు తన కంఠస్వరమునే పంపగలిగెను.

2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిమ్మట దేశమున డేటా ధర మిక్కిలి తగ్గినది. దానితో వ్రాతకంటె బొమ్మ, బొమ్మకంటె వీడియో ముందుకు వచ్చెను. 2010లో ఆరంభమైన ఇన్‌స్టాగ్రామ్, 2011లో వచ్చిన స్నాప్‌చాట్, చిన్న వీడియోల టిక్‌టాక్ పిల్లల మనస్సును ఆకర్షించినవి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినది. కొలది దినములలోనే ఇన్‌స్టాగ్రామ్ దేశమున రీల్స్ అను చిన్న వీడియోల సదుపాయమును ప్రవేశపెట్టగా, పిల్లలు అందులో చేరిపోయిరి.

ఆ 2020వ సంవత్సరముననే మరియొక ముఖ్యమైన మార్పు సంభవించినది. కోవిడ్ వ్యాధి కారణముగా పాఠశాలలు మూతబడి, పాఠములు ఫోనులోనికి వచ్చినవి. అంతవరకు తండ్రి జేబులోనున్న ఫోను చదువు నిమిత్తము పిల్లవాని చేతికి చేరినది. పాఠశాలలు తెరచిన తరువాత అనేక గృహములలో అది తిరిగి తండ్రి జేబునకు చేరలేదు.

ఈ మార్పు ఒక్క దేశమునకు పరిమితమైనది కాదు. అమెరికాలో ప్యూ పరిశోధనా కేంద్రము 13 నుండి 17 ఏండ్లవారిని విచారింపగా, 2014–15లో నూటికి 71 మంది ఫేస్‌బుక్ వాడుదుమనిరి. 2022లో అట్లు చెప్పినవారు 32 మంది మాత్రమే. వారు సందేశములు మానలేదు, చోటు మార్చిరి. భారతదేశ గ్రామీణ ప్రాంతములలో జరిగిన అసర్ 2024 సర్వేలో 14 నుండి 16 ఏండ్ల పిల్లలలో నూటికి 82 మంది స్మార్ట్‌ఫోను వాడుట తెలిసినవారని తేలినది. ఆ ముందటి వారమున చదువు కొరకు ఫోను వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమముల కొరకు వాడినవారు 76 మంది. పల్లెలయందే ఇట్లుండగా నగరముల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

అభిరుచి మారుటకు కారణములు

మొదటి కారణము స్నేహితులు. పిల్లవాడు యాప్‌ను ఎన్నుకొనడు. తన స్నేహితులున్న చోటును ఎన్నుకొనును. తరగతిలో పదిమంది ఒక వేదిక నుండి మరియొకదానికి పోయినచో పదునొకండవవాడు వెనుక నిలువలేడు. మైదానమున ఆటగాండ్రందరును తరలిపోగా ఒంటరిగా నిలిచిన బాలుని స్థితి వాని స్థితి.

రెండవ కారణము పెద్దల రాక. ఒక వేదికలో మేనమామ, పెదనాన్న, ట్యూషన్ మాస్టరు ప్రవేశించి ప్రతి ఫోటో క్రిందను దీవెనలు వ్రాయుట మొదలిడగనే, పిల్లలకు అది పెండ్లిపందిరివలె తోచును. పందిరిలో పిల్లలు మర్యాదగా నుందురు గాని మనసు విప్పి మాటలాడరు. కావున కుటుంబపు గ్రూపు వాట్సాప్‌లో నిలిచియుండగా, వారి సంభాషణ మరియొక చోటికి మారును.

మూడవ కారణము జాడ మిగులునను భయము. ఫేస్‌బుక్‌లో వ్రాసినది సంవత్సరముల తరువాతయు కనబడును. స్నాప్‌చాట్ సందేశము చూచిన పిమ్మట మాయమగును. తడబాట్లు ఎక్కువగానుండు వయస్సున ఇది పిల్లలకు ఊరటగా తోచును. అయితే మాయమగు సందేశమును అవతలివారు స్క్రీన్‌షాట్ తీయవచ్చును. మరియొక ఫోనుతో ఫోటో తీయవచ్చును. మాయమైనదను నమ్మకము పూర్తిగా సత్యము కాదని పిల్లలకు తెలియజెప్పవలెను.

నాలుగవ కారణము వ్యాపారము. ఈ వేదికలు ఉచితముగా లభించుచున్నట్లు కనబడును. వాటి ఆదాయము ప్రధానముగా ప్రకటనల వలన వచ్చును. ప్రకటనలు చూపుటకు వాడువారి సమయము కావలెను. అందుచేత ఒక వీడియో ముగియకముందే మరియొకటి సిద్ధముగా నుండును. పుస్తకమునకు చివరిపుట ఉన్నది, సినిమాకు తెర పడును. ఈ వీడియోల వరుసకు అంతము లేదు.

మారనివి

వేదికలు ఎన్ని మారినను పిల్లలు వాటియందు వెదకునవి మూడు: తోటివారి స్నేహము, తన్ను గుర్తించు మాట, పెద్దల చూపు సోకని కొంత చోటు. ఇవి దుర్గుణములు కావు. పదియేండ్లు మొదలు పందొమ్మిదేండ్లవరకు గల కౌమారదశయందు ఇవి సహజమైన అవసరములు. ఈ వయస్సున మెదడు ఇంకను ఎదుగుచుండును. మెప్పుకోలు, క్రొత్తదనము వెంటనే ఆకర్షించును. ముందువెనుకలు ఆలోచించి తన్ను తాను నిగ్రహించుకొను శక్తి ఆలస్యముగా పరిపక్వమగును. ఇరువది యేండ్లు దాటిన తరువాతగాని ఆ ఎదుగుదల పూర్తికాదు.

పూర్వము ఈ అవసరములు వీధి అరుగుమీద, మైదానమున, నాటక సమాజపు రిహార్సలులో తీరెడివి. నేడు వాటిలో కొంత భాగము ఫోనులో తీరుచున్నది. కావున ఫోనును శత్రువుగా భావించుటకంటె, అది ఏ అవసరమును తీర్చుచున్నదో, దానికి ప్రతిగా ఏమి తీసికొనుచున్నదో గమనించుట మేలు.

ఆరోగ్యమునకు కలుగు హాని

ఫోను తీసికొను మొదటి వస్తువు నిద్ర. 13 నుండి 18 ఏండ్లవారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నిద్రావైద్యులు చెప్పుదురు. కదమాలోని ఒక గృహమును ఊహింపుడు. తండ్రి రాత్రి షిఫ్టు ముగించి ఉదయము ఇల్లు చేరును. కుమార్తె రాత్రి త్వరగా నిదురించినదని ఆయన నమ్మకము. నిజమునకు ఆమెయు దుప్పటి క్రింద ఫోనుతో రెండు గంటలవరకు మేల్కొనియే ఉన్నది. తండ్రికి ఆ పూట నిద్రించు వీలున్నది; కుమార్తె ఏడు గంటలకు పాఠశాలకు పోవలెను. తండ్రికి వారము తిరుగగనే షిఫ్టు మారును. కుమార్తె షిఫ్టు మారదు. రాత్రి పని ఒంటినెట్లు క్రుంగదీయునో ఈ నగరమువారికి వేరుగా చెప్పనవసరము లేదు.

ఈ నగరపు ఉక్కు కర్మాగారమున 1912లోనే ఎనిమిది గంటల పనిదినము అమలుచేసిరి. పనికి హద్దు ఉండవలెనని, హద్దు లేనిచో మనిషి చెడునని ఆనాడే గుర్తించిరి. ఫోనునకు అట్టి హద్దును ఎవరును విధింపలేదు. దానిని ఇల్లే విధింపవలెను.

రెండవది పోలిక. ఇతరులు తమ జీవితములోని మంచి ఘడియలను ఏరి, మెరుగుపెట్టి చూపుదురు. చూచు బాలిక తన సామాన్య దినమును వారి పండుగ దినముతో పోల్చుకొని చిన్నబోవును. తన రూపము, రంగు, దుస్తులు తక్కువయని తలంచును. లైకుల లెక్క తన విలువ లెక్కయని భ్రమించును.

మూడవది అదుపు తప్పుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరపు విభాగము 44 దేశములు, ప్రాంతములలో 11, 13, 15 ఏండ్ల పిల్లలు దాదాపు 2,80,000 మందిని పరిశీలించి 2024లో ఫలితములు ప్రకటించినది. సామాజిక మాధ్యమములను హానికరమైన రీతిలో వాడువారు 2018లో నూటికి ఏడుగురు కాగా, 2022 నాటికి పదునొకండుగురైరి. బాలికలలో ఈ సంఖ్య 13, బాలురలో 9. అనగా నూటికి దాదాపు తొంబదిమంది ఆ స్థితిలో లేరు. వాడు పిల్లలందరును వ్యసనపరులని భావించుట సరికాదు. హానికిని వాడుకకును సంబంధము కనబడినంత మాత్రమున, ఫోనే సర్వదుఃఖములకు కారణమనియు నిర్ణయింపరాదు. ముందే దిగులుతోనున్న పిల్లలు ఫోనును ఎక్కువగా ఆశ్రయించుటయు కలదు.

గమనింపవలసిన చిహ్నములు ఇవి: ఫోను లేనిచో తీవ్రమైన చిరాకు కలుగుట, తగ్గింపవలెనని తానే తలచియు తగ్గింపలేకపోవుట, ఆటలు, స్నేహితులు, భోజనము, చదువు ఉపేక్షించుట, ఎంతసేపు చూచినది అబద్ధము చెప్పుట, నిద్ర చెడుట, సందేశము రాగానే ముఖము వాడిపోవుట. ఇవి కొన్ని వారములు నిలిచినచో వైద్యుని లేక సలహాదారుని సంప్రదింపవలెను.

దాచబడిన ఆపద

అన్నిటికంటె త్వరితముగా హాని చేయునది అపరిచితుల మోసము. ఇది జరుగు తీరు చాలవరకు ఒకే విధముగా నుండును. పదునారేండ్ల బాలునికి ఒక బాలిక పేరుతో స్నేహపు కోరిక వచ్చును. రెండు దినములు తీయని మాటలు నడచును. పిమ్మట "వేరే యాప్‌లోనికి రమ్ము" అను ఆహ్వానము, ఆ తరువాత రహస్య చిత్రము పంపుమను కోరిక వచ్చును. చిత్రము పంపిన నిమిషముననే స్వరము మారును. "డబ్బు పంపనిచో నీ స్నేహితులకు, బంధువులకు అందరికిని దీనిని చూపుదుము" అని బెదరింతురు. ఒకసారి చెల్లించినచో మరల అడుగుదురు.

ఈ స్థితిలో బాలుడు ఎవరికి చెప్పవలెను? "ఫోనులో ఏ గొడవ వచ్చినను పగులగొట్టెదను" అని తండ్రి ముందే పలికియుండినచో బాలుడు తండ్రికి చెప్పడు. తల్లికి చెప్పినచో తండ్రికి తెలియునని భయము. తల్లి ఇచ్చిన డబ్బు, స్నేహితుని వద్ద తెచ్చిన అప్పు మోసగానికి పోవుచుండును. బాలుడు లోలోపల క్రుంగుచుండును. ఇట్టి బెదరింపుల వలన ప్రాణములు తీసికొనిన పిల్లలు వివిధ దేశములలో కలరు. వారిని కాపాడగలిగినది ఏ యాప్‌లోని సదుపాయమును కాదు. "నాన్నా, పొరపాటు చేసితిని" అని భయములేక చెప్పగలిగిన ఇల్లు.

అందుచేత ప్రతి తల్లియు, తండ్రియు ఆపద రాకముందే పిల్లలతో స్పష్టముగా పలుకవలసిన మాట ఒకటి గలదు: "ఏమి జరిగినను మాకు చెప్పుము. చెప్పినందుకు నిన్ను కొట్టము; నీ ఫోను లాగికొనము. ముందు ఆపద దాటింతుము; మంచిచెడ్డలు తరువాత మాటలాడుకొందము." ఈ మాట ఇచ్చిన పిమ్మట తప్పరాదు.

ఇంటిలో పాటింపదగిన పద్ధతులు

ఒకటి. రాత్రి నియమిత వేళకు ఇంటిలోని ఫోనులన్నియు పడకగది వెలుపల ఒకేచోట ఛార్జింగు పెట్టవలెను. తండ్రి ఫోనును అందు చేరవలెను. పెద్దలు పాటింపని నియమమును పిల్లలు పాటింపరు. మేల్కొలుపునకు ఒక అలారము గడియారము కొనిన చాలును.

రెండు. భోజన సమయమున ఫోను ఉండరాదు.

మూడు. వయస్సు విషయమున అసత్యము చెప్పి ఖాతా తెరువనీయరాదు. అనేక వేదికలు పదమూడేండ్ల లోపువారిని అనుమతింపవు. చిన్నవారి ఖాతాలకు కొన్ని వేదికలు అదనపు రక్షణలు కల్పించుచున్నవి. పెద్దవాడనని చెప్పి చేరిన పిల్లవానికి అవి లభింపవు.

నాలుగు. ఖాతాను స్నేహితులకు మాత్రమే కనబడునట్లు మార్చుట, అక్రమముగా ప్రవర్తించువారిని బ్లాకు చేయుట, ఫిర్యాదు పంపుట, తానున్న స్థలము ఇతరులకు కనబడకుండ చేయుట, పాస్‌వర్డు మార్చుట పిల్లలకు నేర్పవలెను. పైన చెప్పిన అసర్ సర్వేలో సామాజిక మాధ్యమములు వాడు పిల్లలలో ఖాతాను బ్లాకు చేయుట లేక ఫిర్యాదు చేయుట తెలిసినవారు నూటికి 62 మంది. ఖాతాను ఇతరులకు కనబడకుండ ఉంచుట తెలిసినవారు 55 మంది. మిగిలినవారికి ఎవరైనను నేర్పవలెను. తల్లిదండ్రులకు తెలియనిచో పిల్లలనే చూపుమని అడుగవచ్చును. సంభాషణకు అది మంచి ఆరంభము.

ఐదు. పిల్లల సందేశములను చాటుగా చదువుట తగదు. అది తెలిసిననాడు వారు మరింత మరుగైన చోటికి పోవుదురు. చిన్న వయస్సున ఎక్కువ పర్యవేక్షణ, ఎదుగుచున్నకొలది ఎక్కువ నమ్మకము అను క్రమమును పాటింపవలెను. అయితే ఆపద సూచనలు కనబడినపుడు ఉపేక్షింపరాదు.

ఆరు. ఫోను మానుమనుటతో సరిపెట్టక, దానికి బదులుగా మరియొకటి చూపవలెను. 1958లో ఆరంభమైన జూబిలీ పార్కు, ఆటస్థలములు, శిక్షణ కేంద్రములు ఈ నగరమున గలవు. వారమునకు కొన్ని సాయంకాలములు పిల్లలు తోటివారితో ఆడుకొనిన, సందేశము తీర్చు అవసరము కొంత అక్కడనే తీరును.

ఆపద సంభవించినపుడు

బెదరించువారికి డబ్బు పంపరాదు. సంభాషణను చెరిపివేయరాదు, స్క్రీన్‌షాట్లు తీసి, ఖాతా పేరు, ఫోను సంఖ్య, చెల్లింపు వివరములు భద్రపరుపవలెను. పిమ్మట ఆ ఖాతాను వేదికకు ఫిర్యాదు చేసి బ్లాకు చేయవలెను. సైబర్ నేరముల సహాయసంఖ్య 1930కి వెంటనే ఫోను చేయవలెను. డబ్బు పోయినచో ఎంత త్వరగా తెలిపిన అంత మేలు. బాలల సహాయమునకు 1098 ఉన్నది. బెదరించుటయే నేరము, బాలుని అశ్లీల చిత్రము ఇతరులకు పంపుట మరియొక నేరము. మోసపోయిన బాలుడు దోషి కాడని ఇంటివారు ముందుగా గ్రహింపవలెను.

మనోవేదనకు టెలిమానస్ సేవ గలదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ఈ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. పిల్లవాడు చావు మాట ఎత్తినచో అది బెదరింపు అని కొట్టివేయక, వానిని ఒంటరిగా విడువక, వెంటనే వైద్యసహాయము పొందవలెను.

ముగింపు

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్లు నిండనివారు ప్రధాన సామాజిక మాధ్యమములలో ఖాతాలు కలిగియుండకుండ చట్టము అమలులోనికి తెచ్చిరి. భారతదేశమున 2023లో చేసిన డేటా రక్షణ చట్టము పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని నిర్దేశించినది. చట్టములు అవసరమే. అయినను చట్టము కంచె మాత్రమే. కంచె లోపల పెరుగు మొక్కకు నీరుపోయువారు ఇంటివారు.

నేడు పిల్లలు మెచ్చుచున్న వేదిక రేపు ఆర్కుట్ వలె మూతబడవచ్చును, మరియొకటి రావచ్చును. వాని పేర్లన్నియు తల్లిదండ్రులు కంఠస్థము చేయనక్కరలేదు. పిల్లలు తగినంత నిద్రించుచున్నారా, నవ్వుచున్నారా, ఆడుచున్నారా, భయము కలిగినపుడు ఇంటివారి వద్దకు వచ్చుచున్నారా అను నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసిన చాలును. ఒకనాడు ఈ నగరమునకు వచ్చిన తాతలు కార్డు ముక్కమీద మొదట వ్రాసినది క్షేమమనియు, చివర అడిగినది క్షేమమాయనియు. ఆ ప్రశ్నను దినమునకొకసారి ఫోను ప్రక్కన పెట్టి, పిల్లల ముఖము చూచి అడుగుటయే పెద్దల కర్తవ్యము.